హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న టీవీ కొంటే గేమ్ నిజంగా బాగుపడుతుందా? 2.2 కోసం ఆగాలా?

తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెబుతాను. మీ దగ్గర 2019లో కొన్న 55 అంగుళాల 4కే టీవీ, దానికి పీఎస్‌5 గేమ్ కన్సోల్ ఉన్నాయి. షోరూంలో అబ్బాయి "మీది పాత హెచ్‌డీఎంఐ సార్, 2.1 టీవీ తీసుకుంటే గేమ్ ఎక్కడికో వెళ్లిపోతుంది" అన్నాడు. ఇంతలో 2.2 కూడా వచ్చిందని వార్తల్లో చూశారు. ఇప్పుడు మార్చాలా, ఆగాలా, అసలు తేడా కంటికి తెలుస్తుందా అని అడిగారు.

హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా టీవీలు, హోమ్ థియేటర్లు బిగించి పిక్చర్ సెట్ చేయడమే నా పని. గేమ్‌లు ఆడే ఇళ్లకే ఎక్కువగా వెళ్తాను, నేనూ ఆడతాను. నా జవాబు ఇది: పోర్ట్ మీద నంబర్ మారినంత మాత్రాన గేమ్ బాగుపడదు. 2.1తో పాటు వచ్చిన రెండు సౌకర్యాల వల్ల మాత్రం నిజంగా బాగుపడుతుంది. ఒకటి 4కేలో 120 హెర్ట్జ్ (తెర మీది బొమ్మ సెకనుకు 120 సార్లు మారడం), రెండోది వీఆర్‌ఆర్ (గేమ్ వేగాన్ని బట్టి తెర తన వేగాన్ని సర్దుకోవడం). ఆ రెండూ మీకు దక్కుతాయా లేదా అన్నది టీవీ వెనక పోర్ట్ కంటే ముందున్న ప్యానెల్ (తెర) మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఇక 2.2 కోసం ఆగనక్కర్లేదు.

హెచ్‌డీఎంఐ అంటే కన్సోల్ నుంచి టీవీకి బొమ్మ, ధ్వని పంపే డిజిటల్ కనెక్షన్. 4కే 60 సిగ్నల్ పాత 2.0 పోర్ట్‌లోంచి వెళ్లినా, కొత్త 2.1 పోర్ట్‌లోంచి వెళ్లినా తెర మీదికి వచ్చేది అదే బొమ్మ. రంగు పెరగదు, నలుపు ఇంకా నల్లబడదు. నంబర్ పెరిగితే పెరిగేది ఒక్క సెకనులో ఎంత సమాచారం పంపగలదన్నదే. 4కే అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం సుమారు 83 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం తలా 8 బిట్లు. ఇదంతా సెకనుకు 60 సార్లు, అంటే 60 ఫ్రేములుగా (బొమ్మలుగా) వెళ్లాలి. ఫ్రేముల మధ్య ఖాళీనీ, సిగ్నల్ కోడింగ్‌కు పోయే భాగాన్నీ కలుపుకుంటే సెకనుకు 17.8 గిగాబిట్లు అవుతుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 పరిమితి 18. అంటే 4కే 60కి కొలిచినట్టు సరిపోతుంది, అంతకు మించి చోటు లేదు. అందుకే 10 బిట్ల హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాలను ఎక్కువగా చూపే పద్ధతి) గేమ్ ఆడేటప్పుడు మీ పీఎస్‌5 రంగుల సమాచారాన్ని కొంత కుదించి, 4:2:2 పద్ధతిలో పంపుతుంది. సోఫాలో కూర్చుని ఆడేవాళ్లకు ఆ కుదింపు కనబడదు. కంప్యూటర్ పెట్టి సన్న అక్షరాలు చదివేవాళ్లకు కొద్దిగా తెలుస్తుంది, అంతే.

2017 నవంబర్‌లో విడుదలైన 2.1 ఆ పరిమితిని 48 గిగాబిట్లకు పెంచింది. 4కే 120ని 10 బిట్లలో, రంగులు కుదించకుండా పంపడానికి సుమారు 40 కావాలి, కాబట్టి ఇక్కడ చోటు బాగానే ఉంది. ఎల్‌జీ 2019లోనే తన ఓఎల్‌ఈడీ (ప్రతి పిక్సెల్ తనే వెలిగే తెర) టీవీల్లో నాలుగు పోర్ట్‌లూ 48తో ఇచ్చింది, కానీ అప్పటికి వాటికి తగిలించడానికి తగ్గ పరికరం లేదు. 2020 సెప్టెంబర్‌లో ఎన్‌విడియా 30 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు, నవంబర్‌లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, పీఎస్‌5 వచ్చాక గానీ ఆ పోర్ట్‌లకు పని పడలేదు. మన దేశంలో పీఎస్‌5 అమ్మకం మొదలైంది 2021 ఫిబ్రవరి 2న. ఆ పీఎస్‌5 కూడా 48 వాడదు, 32 దగ్గరే ఆగిపోతుంది. 4కే 120లో అది ఇప్పటికీ 4:2:2నే పంపుతుంది. సిరీస్ ఎక్స్ 40 వరకు వెళ్తుంది. కాబట్టి "ఈ టీవీలో 40 గిగాబిట్లే ఇచ్చారు, 48 లేదు" అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. కన్సోల్ ఆడేవాళ్లకు ఆ 8 గిగాబిట్లతో పనే పడదు.

ఇప్పుడు 120 హెర్ట్జ్ సంగతి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది. 120 అయితే 8.3. మీరు కంట్రోలర్ మీది స్టిక్‌ను పక్కకు తిప్పి చుట్టూ చూసేటప్పుడు గోడలు, చెట్లు 60లో మసకగా జరుగుతాయి, 120లో ఆకారం నిలుపుకుని జరుగుతాయి. బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద తుపాకీ పేలే వరకు పట్టే సమయం కూడా తగ్గుతుంది. షూటింగ్ గేమ్‌లు ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు దీన్ని చేతుల్లోనే గుర్తుపడతారు. ఫోర్ట్‌నైట్ లాంటి గేమ్‌లో 120 మోడ్ ఆన్ చేసి ఒక పది నిమిషాలు ఆడించి, మళ్లీ 60కి మార్చి ఇస్తే "ఏదో బరువుగా ఉందే" అంటారు. తేడా ఏమిటో చెప్పమని అడగక్కర్లేదు, వాళ్లంతట వాళ్లే చెబుతారు.

అయితే పీఎస్‌5లో 120 మోడ్ ఉన్న గేమ్‌లు తక్కువ. ఎక్కువ గేమ్‌లు 30కో 60కో పరిమితం. మీరు సాయంత్రం తమ్ముడితో ఎఫ్‌సీ ఫుట్‌బాల్ ఆడితే అది నడిచేది 60లోనే. కథ ఉన్న పెద్ద గేమ్‌లు చాలావరకు "నాణ్యత కావాలా, వేగం కావాలా" అని అడిగి 30 లేదా 60 ఇస్తాయి. వాటికి మీ పాత టీవీ ఇప్పటికే చాలు. ఏ గేమ్‌లు ఆడతారో మీ ప్రశ్నలో రాయలేదు. నన్నడిగితే, టీవీ మార్చాలా వద్దా అన్నది నిర్ణయించడానికి ముందు తేల్చుకోవాల్సింది అదే.

120 హెర్ట్జ్ ప్యానెల్ వల్ల ఎవరూ పెద్దగా చెప్పని లాభం ఇంకొకటుంది, నాకు అది చాలా ఇష్టం. కొన్ని గేమ్‌లలో 40 ఫ్రేముల మోడ్ ఇస్తున్నారు. 2021లో వచ్చిన రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్‌లో తర్వాత అప్‌డేట్‌గా ఇచ్చినప్పుడు దీని గురించి అందరికీ తెలిసింది. 60 హెర్ట్జ్ టీవీలో 40 ఫ్రేములు సరిగ్గా పొసగవు. ఒక ఫ్రేము ఒకసారి, తర్వాతిది రెండుసార్లు, ఇలా వంతులు తప్పి చూపించాల్సి వస్తుంది, కదలిక కుంటుతుంది. 120 అయితే ప్రతి ఫ్రేమునూ సరిగ్గా మూడుసార్లు చూపిస్తే సరిపోతుంది. ఒక్కో ఫ్రేముకు 25 మిల్లీసెకన్లు. 30కి 33.3, 60కి 16.7 కదా, వాటికి సరిగ్గా మధ్యలో ఉంటుంది. గ్రాఫిక్స్ దాదాపు 30 మోడ్‌లో ఉన్నంత బాగుంటాయి, ఆట మాత్రం చెప్పుకోదగ్గంత నునుపుగా ఉంటుంది. కథ గేమ్‌లు ఆడేవాళ్లు 120 హెర్ట్జ్ టీవీ కొనడానికి నాకు కనబడే మంచి కారణం ఇది.

రెండోది వీఆర్‌ఆర్. రెండింట్లో దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. మామూలు టీవీ టైం ప్రకారం కదిలే బస్సు లాంటిది. కచ్చితంగా ప్రతి 16.7 మిల్లీసెకన్లకూ ఒకసారి బయల్దేరుతుంది. గేమ్ ఒక ఫ్రేమును గీయడంలో కాస్త ఆలస్యమైతే ఆ బస్సు తప్పిపోతుంది, తర్వాతి బస్సు దాకా ఆగాలి. అప్పుడు కదలికలో చిన్న కుదుపు వస్తుంది. ఆగకుండా సగం ఫ్రేమునే పంపేస్తే తెర మధ్యలో అడ్డంగా చిరిగినట్టు గీత కనబడుతుంది. వీఆర్‌ఆర్ ఉంటే ఫ్రేము ఎప్పుడు సిద్ధమైతే అప్పుడే టీవీ తెరను మారుస్తుంది. 60 కోసం ప్రయత్నిస్తూ 50, 55 మధ్య ఊగే గేమ్‌లలో దీని ఫలితం తెలుస్తుంది. ఎల్డెన్ రింగ్ ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పీఎస్‌5లో అది 60 దగ్గర నిలకడగా ఉండదు. మైదానంలో గుర్రం మీద పరిగెత్తేటప్పుడు వీఆర్‌ఆర్ ఉన్న టీవీకీ లేని టీవీకీ తేడా పక్కన కూర్చుని చూసేవాళ్లకు కూడా తెలిసిపోతుంది.

పీఎస్‌5కు వీఆర్‌ఆర్ 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది. దాని పరిధి 48 నుంచి 120 వరకు. గేమ్ 48 కంటే కింద పడితే ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపించి సర్దవచ్చు. అంటే 35 ఫ్రేములు వస్తుంటే తెరను 70 దగ్గర నడపడం. కానీ దానికి గేమ్ 120 హెర్ట్జ్ సిగ్నల్ పంపుతూ ఉండాలి. 60కే పరిమితమైన గేమ్‌లో పీఎస్‌5లో ఆ వెసులుబాటు దొరకదు. ఎక్స్‌బాక్స్‌లో ఇది సిస్టమ్ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి అక్కడ కొంచెం మెరుగు.

వీఆర్‌ఆర్‌కు 48 గిగాబిట్లతో సంబంధం లేదు. 2018లోనే ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, వన్ ఎక్స్ మామూలు 2.0 పోర్ట్ మీద ఫ్రీసింక్ (చిప్‌ల కంపెనీ ఏఎండీ వాళ్ల వీఆర్‌ఆర్) రూపంలో దీన్ని ఇచ్చాయి. ఇది ఎక్కువ బ్యాండ్‌విడ్త్ అడిగే పని కాదు. టీవీలోని చిప్, ప్యానెల్ దానికి తగ్గట్టు ఉంటే చాలు. పాత టీవీల్లో లేకపోవడానికి కారణం వాటిని ఆ ఉద్దేశంతో తయారు చేయకపోవడమే.

వీఆర్‌ఆర్‌తో చిక్కులు కూడా ఉన్నాయి. ఓఎల్‌ఈడీ టీవీల్లో ఫ్రేమ్ రేటు బాగా ఊగేటప్పుడు చీకటి సన్నివేశాల్లో వెలుగు సన్నగా మిణుకుమిణుకుమంటుంది. ప్యానెల్‌ను ఒక వేగానికి సరిచేసి ఉంచితే, అది వేరే వేగంలో నడిచినప్పుడు ముదురు బూడిద రంగు కొద్దిగా మారుతుంది, అదీ సంగతి. వీఏ రకం ఎల్‌ఈడీ ప్యానెళ్లలోనూ ఇది కనబడవచ్చు. కొన్ని ఎల్‌ఈడీ టీవీలు వీఆర్‌ఆర్ ఆన్ చేయగానే లోకల్ డిమ్మింగ్‌ను (తెరలో చీకటి ఉన్నచోట వెనక లైటు తగ్గించే పద్ధతిని) తగ్గించేస్తాయి, దాంతో నలుపు పాలిపోతుంది. షోరూంలో డెమో వీడియో చూస్తే ఇవేవీ బయటపడవు. గుహలోనో, రాత్రి వీధిలోనో నడిచే గేమ్ పెట్టించి చూడండి.

ఇక అమ్మేటప్పుడు జరిగే తిరకాసుల గురించి కాస్త ఎక్కువే చెబుతాను. మన ఊళ్లలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మొదటిది, "హెచ్‌డీఎంఐ 2.1" అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన 48 గిగాబిట్లు ఉన్నట్టు కాదు. 2.1 వచ్చాక 2.0 అనే ప్రమాణం విడిగా లేదు, అది 2.1లోనే కలిసిపోయింది. కొత్త సౌకర్యాలన్నీ ఐచ్ఛికం. 18 గిగాబిట్లకు మించి పంపలేని పోర్ట్‌కు కూడా 2.1 అని పేరు పెట్టుకోవచ్చు, కాకపోతే ఏయే సౌకర్యాలు ఉన్నాయో విడిగా చెప్పాలి. 2021 చివర్లో ఒక మానిటర్ విషయంలో ఇది బయటపడి, లైసెన్సు ఇచ్చే సంస్థే ఆ మాట ధ్రువీకరించింది. అందుకే "2.1 ఉందా?" అని అడగకండి. "4కేలో 120 హెర్ట్జ్ తీసుకుంటుందా? వీఆర్‌ఆర్ ఉందా? ఏ పోర్ట్‌లలో?" అని అడగండి.

రెండోది డీఎల్‌జీ. బడ్జెట్ టీవీల ప్రకటనల్లో "120 హెర్ట్జ్ గేమ్ మోడ్" పక్కనే చిన్న అక్షరాల్లో ఈ మాట కనబడుతుంది. ఆ టీవీ ప్యానెల్ నిజానికి 60 హెర్ట్జ్‌దే. రెండు వరుసల పిక్సెళ్లను ఒకేసారి వెలిగించి నిలువు రిజల్యూషన్‌ను సగం చేసుకుంటే వేగం రెట్టింపవుతుంది. దాంతో 1080 లేదా 1440 రిజల్యూషన్‌లో 120 చూపించగలదు, 4కేలో కాదు. దీన్ని మోసం అని నేను అనను. తక్కువ ధరలో షూటింగ్ గేమ్ వేగంగా ఆడాలనుకునే కుర్రాడికి పనికొచ్చే సంగతే. కానీ ఏటవాలు గీతలు మెట్లు మెట్లుగా, అక్షరాలు గరుగ్గా కనబడతాయి. నిజమైన 120 ప్యానెల్ అనుకుని ఎక్కువ డబ్బు పెట్టి కొంటే మాత్రం నష్టమే. "మోషన్ రేట్ 120", "ఎంఈఎంసీ" అన్నవి ఇంకా వేరు. అవి సినిమాలు, క్రికెట్ చూసేటప్పుడు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు తయారుచేసి కలిపే పద్ధతులు. గేమ్‌కు వాటితో మేలు లేకపోగా స్పందన ఆలస్యమవుతుంది. ప్యానెల్ సొంత రిఫ్రెష్ రేటు ఎంత అన్నదొక్కటే చూడండి. ఆ మాట అమ్మేవాళ్లకు తెలియకపోతే కంపెనీ సైట్‌లో ఆ మోడల్ నంబర్ పేజీ తీసి చూపించమనండి. సైజు మారితే ఒకే సిరీస్‌లో కూడా ప్యానెల్ మారుతుంది. 43 అంగుళాలది 60 కావచ్చు, 55ది 120 కావచ్చు. అన్న 65 కొన్నాడని తమ్ముడు అదే సిరీస్‌లో 43 కొని బాధపడిన ఇళ్లు నాకు తెలుసు.

మూడోది పోర్ట్‌ల లెక్క. చాలా టీవీల్లో నాలుగు హెచ్‌డీఎంఐలు ఉన్నా, 4కే 120 తీసుకునేవి రెండే. ఆ రెండింట్లో ఒకటి తరచూ సౌండ్‌బార్‌కు వాడే ఈఆర్క్ పోర్ట్ అయి ఉంటుంది. అప్పుడు సౌండ్‌బార్ తగిలించాక మిగిలేది ఒకటే. పీఎస్‌5, ఎక్స్‌బాక్స్ రెండూ ఉన్నవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. సౌండ్‌బార్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. కన్సోల్‌ను సౌండ్‌బార్‌లోకి పెట్టి, అక్కడి నుంచి టీవీకి తీసుకెళ్లడం చాలా ఇళ్లలో చూస్తాను. ఆ సౌండ్‌బార్ 4కే 60 వరకే పంపగలిగేదైతే టీవీ ఎంత గొప్పదైనా 120 రాదు. కన్సోల్‌ను నేరుగా టీవీకి కలపండి, ధ్వనిని ఈఆర్క్ ద్వారా సౌండ్‌బార్‌కు వెళ్లనివ్వండి.

నాలుగోది, సరైన టీవీ కొని కూడా సెట్టింగ్ మార్చకపోవడం. కొత్త టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్ట్ తరచూ పాత పద్ధతిలోనే సెట్ అయి వస్తుంది. ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది. సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్. ఏ పోర్ట్‌లో కన్సోల్ ఉందో ఆ పోర్ట్‌కు దాన్ని ఆన్ చేయాలి. తర్వాత పీఎస్‌5లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, స్క్రీన్ అండ్ వీడియో కింద వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ తెరవండి. ఇప్పుడు వెళ్తున్న రిజల్యూషన్, హెర్ట్జ్, రంగు పద్ధతి అన్నీ అక్కడ కనబడతాయి. టీవీ ఏమేం తీసుకోగలదో ఆ జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో అయితే 4కే టీవీ డీటెయిల్స్ పేజీలో ఆకుపచ్చ టిక్కులతో చూపిస్తుంది. టీవీ డెలివరీ ఇచ్చి బిగించేవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పేజీ చూడండి. వాపసు చేయాల్సి వస్తే అదే మీకు ఆధారం.

ఇవన్నీ చెప్పాక, మీ పాత టీవీలో ఈ రాత్రికే చేయగలిగింది ఒకటుంది. గేమ్ మోడ్. మామూలు పిక్చర్ మోడ్‌లో టీవీ బొమ్మను రకరకాలుగా సానబెట్టి చూపిస్తుంది, దానికి సమయం పడుతుంది. చాలా టీవీల్లో ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. గేమ్ మోడ్‌లో అది 10, 15కి దిగుతుంది. 60 నుంచి 120కి వెళ్తే ఇంకో 5, 6 మిల్లీసెకన్లు తగ్గుతాయి. లెక్క మీరే చూడండి: ఖర్చు లేకుండా ఒక్క బటన్‌తో వచ్చే లాభం, కొత్త టీవీతో వచ్చే లాభం కంటే ఎన్నో రెట్లు పెద్దది. వివిడ్ మోడ్‌లో రంగులు బాగున్నాయని దాంట్లోనే ఆడుతూ "కంట్రోలర్ పాడైందేమో" అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2.1తో వచ్చిన ఏఎల్‌ఎల్‌ఎం అనే సౌకర్యం చేసేది ఇదే, కన్సోల్ ఆన్ కాగానే టీవీని గేమ్ మోడ్‌లోకి తనే మారుస్తుంది. మంచిదే, కానీ చేత్తో మార్చుకోగలిగిన పని.

2.2 విషయానికి వస్తే, దాన్ని 2025 జనవరిలో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ప్రకటించారు, జూన్‌లో ప్రమాణం విడుదల చేశారు. పరిమితి 96 గిగాబిట్లు. దానికి అల్ట్రా96 అనే కొత్త కేబుల్. 4కే 240, 8కే 60 లాంటివి ఏ కుదింపూ లేకుండా పంపగలదు. ధ్వని, బొమ్మ ఒకదానికొకటి తప్పిపోకుండా చూసే కొత్త పద్ధతి కూడా ఉంది. సౌండ్‌బార్, రిసీవర్ మధ్యలో ఉన్న ఇళ్లకు అది పనికొస్తుంది. కానీ పీఎస్‌5 గానీ, పీఎస్‌5 ప్రో గానీ, ఎక్స్‌బాక్స్ గానీ, 2025లో వచ్చిన స్విచ్ 2 గానీ 2.2 పోర్ట్‌తో రాలేదు. స్విచ్ 2 డాక్‌లో పెట్టి టీవీకి కలిపితే 4కే 60, లేదా 1440లో 120 ఇస్తుంది, అంతే. మీ కన్సోల్ 32 గిగాబిట్లే పంపుతున్నప్పుడు టీవీలో 96 ఉన్నా ఫలితం ఉండదు. 4కేలో 240 ఫ్రేములు గీయడం ఖరీదైన పీసీ గ్రాఫిక్స్ కార్డులకే కష్టం. గేమింగ్ టీవీలు ఇప్పుడు 144, 165 హెర్ట్జ్ దాకా వెళ్లాయి, వాటికి కూడా 2.1 సరిపోతోంది. 8కే సంగతి చెప్పనక్కర్లేదు, పీఎస్‌5 పెట్టె మీద మొదట్లో ముద్రించిన 8కే గుర్తును సోనీ తర్వాత తీసేసింది.

నంబర్‌కూ అనుభవానికీ ఎంత దూరం ఉందో చెప్పడానికి గేమ్‌ల కంపెనీ వాల్వ్ వాళ్ల స్టీమ్ మెషీన్ (టీవీకి కలిపి ఆడే గేమింగ్ పీసీ) మంచి ఉదాహరణ. 2025 నవంబర్‌లో ప్రకటించిన ఆ పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.0 అనే ఉంది. హార్డ్‌వేర్ అంతకంటే ఎక్కువ చేయగలదు. అయితే లినక్స్ కోసం ఏఎండీ రాసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో 2.1ను పెట్టడానికి ఆ ప్రమాణాన్ని తయారుచేసే హెచ్‌డీఎంఐ ఫోరం 2024లో ఒప్పుకోలేదు. అయినా అది 4కే 120 ఇస్తుందని వాల్వ్ చెబుతోంది. రంగు సమాచారాన్ని 4:2:0 స్థాయికి తగ్గిస్తే 18 గిగాబిట్లలోనే 4కే 120 పడుతుంది మరి.

కేబుల్ గురించి రెండు మాటలు. పీఎస్‌5 పెట్టెలో వచ్చిన కేబుల్ 4కే 120కి సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు. పొడవు చాలక కొనాల్సి వస్తే ప్యాకెట్ మీద "అల్ట్రా హై స్పీడ్" అన్న మాట, హోలోగ్రాంతో ఉన్న క్యూఆర్ స్టిక్కర్ చూడండి. ఆ స్టిక్కర్‌ను హెచ్‌డీఎంఐ వాళ్ల యాప్‌తో స్కాన్ చేయవచ్చు. "8కే" అని బంగారు అక్షరాలతో రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. మూడు మీటర్లు దాటితే మామూలు రాగి కేబుళ్లతో తిప్పలు మొదలవుతాయి: తెర ఒక్క క్షణం నల్లబడడం, మెరుపుల్లా చుక్కలు రావడం. అవి కనబడితే టీవీని అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడండి. గోడలోపల నుంచి లాగాల్సి వస్తే ఫైబర్ రకం వేయించండి, అది కూడా పైపులో వేయించండి, రేపు మార్చుకునే వీలుండాలి.

ఇంకొకటి, ఇది ప్రమాణాలకు సంబంధించింది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. మన దగ్గర పోర్ట్‌లు కాలిపోవడానికి పెద్ద కారణం ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం, కేబుల్ టీవీ వైరులోంచి వచ్చే లీకేజీ కరెంటు. సెట్ టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐ పట్టుకుంటే చేతికి జుమ్మంటోందంటే అది హెచ్చరిక. స్విచ్‌లు ఆపకుండా హెచ్‌డీఎంఐ పెట్టడం, తీయడం చేయకండి. ఉరుములు మెరుపులప్పుడు కన్సోల్ కేబుల్ తీసి పక్కన పెట్టండి. కన్సోల్ హెచ్‌డీఎంఐ పోర్ట్ మార్పించడం ఖర్చుతో కూడిన పని, మళ్లీ అదే బాగుంటుందన్న హామీ కూడా ఉండదు.

సరే, మీరేం చేయాలి? ముందు మీ టీవీ మోడల్ నంబర్ పట్టుకుని దాని ప్యానెల్ 60నా 120నా చూడండి. 2019 నాటి కొన్ని మంచి టీవీల్లో 120 ప్యానెల్ ఉండి, పోర్ట్ మాత్రం 2.0 ఉంటుంది. మీది అలాంటిదైతే 1080లో, టీవీ ఒప్పుకుంటే 1440లో 120 ఇప్పుడే ఆడుకోవచ్చు. 1440 సౌకర్యం పీఎస్‌5కు 2022 సెప్టెంబర్‌లో వచ్చింది. షూటింగ్ గేమ్‌కు అది చాలా హాయిగా ఉంటుంది, టీవీ మార్చే పనే ఉండదు.

ప్యానెల్ 60 అయి, మీరు ఆడేవి ఫుట్‌బాల్, క్రికెట్, కథ గేమ్‌లే అయితే, టీవీ బాగా పని చేస్తున్నంతవరకు ఉంచుకోండి. గేమ్ మోడ్ పెట్టి, పీఎస్‌5లో హెచ్‌డీఆర్ సర్దుబాటు తెరల్లోకి వెళ్లి వెలుగు గుర్తులు సరిచేసుకోండి. చాలామంది ఆ తెరలను గబగబా దాటేస్తారు. ఆ ఒక్క సర్దుబాటుతో ఎండలో మబ్బుల వివరాలు, చీకట్లో గోడల వివరాలు తిరిగొస్తాయి.

ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లు రోజూ ఆడుతున్నా, 60 నిలబడక ఊగే పెద్ద గేమ్‌లు మీకు ఇష్టమైనా, అప్పుడు మార్చడం సబబే. 2.2 కోసం ఎదురుచూడకండి. 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, కాబట్టి అంతకుముందు చూసిన ధరలతో పోల్చుకుని ఆగిపోనక్కర్లేదు. నిజమైన 120 ప్యానెల్, 48 నుంచి 120 వరకు పనిచేసే వీఆర్‌ఆర్, గేమ్ మోడ్‌లో కూడా సరిగ్గా పనిచేసే లోకల్ డిమ్మింగ్ లేదా ఓఎల్‌ఈడీ, కనీసం రెండు 4కే 120 పోర్ట్‌లు, ఇవి చూసుకుని కొనండి. డబ్బు సరిపోక ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే నేనైతే పోర్ట్‌ల సంఖ్యను వదులుకుంటాను, ప్యానెల్‌ను వదులుకోను. టీవీ మోడల్ నంబర్, ఎక్కువగా ఆడే గేమ్‌ల పేర్లు కింద రాయండి, చూసి చెబుతాను.